పడకుండానా, పడినా లేవడానికా?

పోయిన వేసవిలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి ముందు నీడలో కూర్చుని నా మోటార్ సైకిల్‌కి ఉన్న వస్తువులు ఒక్కొక్కటే విప్పుతున్నాను. అద్దాలు, నంబర్ ప్లేటు, ఇండికేటర్లు, సైడ్ స్టాండు. చివరికి వెనక చక్రం పక్కన ఉండే శారీ గార్డ్. రేసు ట్రాక్ మీద నడిపే బండికి ఇవేవీ ఉండకూడదు. పడ్డప్పుడు విరిగి ముక్కలైతే వెనకొచ్చేవాళ్ల చక్రాల కింద పడతాయి. అమ్మ వచ్చి ఆ శారీ గార్డ్‌ని చేతిలోకి తీసుకుంది.

"ఇదెందుకే తీసేశావు? ఇది ఉండాలిగా?"

"ఈ బండి వెనక ఎవరూ కూర్చోరమ్మా."

అమ్మ ఇంకేం అనలేదు. ఆ ఇనప చట్రాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడింది. ఎందుకు నిలబడిందో నాకు తెలుసు.

1983లో, గుంటూరులో, నాన్న రాజదూత్ వెనక కూర్చుని సినిమాకి వెళ్తుంటే అమ్మ చీర కొంగు వెనక చక్రంలో చిక్కుకుంది. రోడ్డు మీద పడింది. ఎడమ పాదం మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ అడిగిన మొదటి ప్రశ్న, "చీర సరిగ్గా సర్దుకోలేదా?" రెండో ప్రశ్న, "అంత అర్జంటుగా సినిమాకి వెళ్లకపోతేనేం?" ఆ తర్వాత ఏడాది పాటు అమ్మ బండెక్కలేదు. ఎక్కనివ్వలేదు అనడం సరైన మాట. శారీ గార్డ్ ఒకటి కొని బిగిస్తే తీరిపోయే సమస్యకి ముందుగా దొరికిన పరిష్కారం, అమ్మ ఇంట్లో ఉండటం. గార్డ్ ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

నేను కాలేజీలో తత్వశాస్త్రం చెప్తాను. నలభై ఆరేళ్లు. మూడేళ్లుగా ఏడాదికి రెండు మూడుసార్లు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లి, పాత యమహా ఆర్15 బండి మీద మలుపులు తిరగడం నేర్చుకుంటున్నాను. పందెం కాదు. నాలుగు కిలోమీటర్లకి కాస్త తక్కువ పొడవున్న, పన్నెండు మలుపులున్న ఆ రోడ్డు మీద ఎదురొచ్చే వాహనాలుండవు, గేదెలుండవు, హారన్ కొట్టి వెకిలిగా నవ్వే కుర్రాళ్లుండరు. జెండాలు పట్టుకున్న మార్షల్స్ ఉంటారు. అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. నా జీవితంలో ఒక రోడ్డు మీద ఉన్నంతసేపూ రోడ్డు గురించి మాత్రమే ఆలోచించగలిగింది అక్కడే. ఈ వయసులో ఈ పిచ్చేమిటని అడిగే స్నేహితులకి నేను చెప్పే జవాబు ఇదొక్కటే.

అయితే ఈ వ్యాసం బండి నడపడం గురించి కాదు. బండి పడినప్పుడు కాపాడే సామాన్లు ఎంచుకోవడం గురించి. మీకు నవ్వు రావచ్చు. కానీ ఏం కొనాలి, ఏం కొనకూడదు అని నెలల తరబడి తేల్చుకోలేక సతమతమైనప్పుడు నాకర్థమైంది, నేను ఆలోచిస్తున్నది బోల్టుల గురించి మాత్రమే కాదని. 'రక్షణ' అనే మాటకి మనం పుట్టిన దగ్గర్నుంచీ వింటూ వచ్చిన అర్థం కాక వేరే అర్థం ఉందా అన్నది అసలు ప్రశ్న.

మన చట్టం సంగతే చూడండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం ప్రతి మోటార్ సైకిల్‌కీ వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్, వాళ్ల బట్టలు చక్రంలో పడకుండా అడ్డం ఉండాలి. ఆ అడ్డాన్నే మనం శారీ గార్డ్ అంటాం. మంచి నియమమే. ఎందరి ప్రాణాలో కాపాడి ఉంటుంది. కానీ మన మోటార్ సైకిల్ మీద స్త్రీని గుర్తుపెట్టుకుని పెట్టిన ఒకే ఒక్క వస్తువు, ఆమె వెనక సీట్లో ఒక పక్కకి తిరిగి కూర్చుంటుందని ముందే తీర్మానించేసుకుంది. మరోవైపు ఢిల్లీలో 2014 దాకా స్త్రీలకి హెల్మెట్ తప్పనిసరి కాదు. చీరకి చట్టం కాపలా పెట్టింది, తలని మాత్రం ఆమె ఇష్టానికి వదిలేసింది. రక్షణ ఎవరికి, దేనికి, ఆమె ఎక్కడ కూర్చుంటుందని ఊహించి అన్న ప్రశ్నలు అడక్కుండా ఏ రక్షణనీ ఒప్పుకోకూడదని నాకు అప్పుడే అనిపించింది.

సామాన్ల కోసం మొదట పుత్లీబౌలి వెళ్లాను. "మేడమ్, సారు రాలేదా?" అన్న పలకరింపు అయ్యాక, షాపతను ఇంజన్ పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చే రెండు పొడవాటి ఇనప రాడ్లు చూపించాడు. "గట్టి ఐరన్ మేడమ్. గిది ఏపిస్తే బండి కిందవడ్డా గీత గూడ పడదు." గీత కూడా పడదన్న మాట నాకు నచ్చింది. కొన్నాను. నిజం చెప్పాలంటే నాకప్పుడు బాగా భయం వేసింది పడటం గురించి కాదు. గీతలు పడ్డ బండితో ఇంటికి తిరిగొస్తే అందరికీ తెలిసిపోతుందని. "చెప్పామా, లేదా?" అంటారని.

తెలియని వాళ్ల కోసం ఒక మాట. మలుపులో బండిని పక్కకి వంచినప్పుడు టైరు పట్టు జారితే బండి వంగిన వైపే పడి, నేల మీద రాసుకుంటూ పోతుంది. ముందుగా నేలకి తగిలేవి హ్యాండిల్ చివర, ఫుట్‌రెస్ట్, ఇంజన్ పక్క కవర్లు. ఫ్రేమ్ స్లైడర్ అనేది ఇంజన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టు దగ్గర బిగించే గుండ్రటి గుబ్బ. అది ముందుగా నేలకి తగిలి, తాను అరిగిపోతూ, మిగతా బండిని నేలకి దూరంగా ఉంచాలి. మంచివాటిని డెల్రిన్, నైలాన్ లాంటి పదార్థాలతో చేస్తారు. అవి జారతాయి, అరుగుతాయి, దెబ్బ మరీ ఎక్కువైతే విరిగిపోతాయి. విరగడం వాటి లోపం కాదు, వాటి పని.

నేను కొన్నది అలాంటిది కాదు. రెండోసారి వెళ్లినప్పుడు ఒక నిదానమైన మలుపులో ముందు చక్రం జారింది. పెద్ద పడటమేం కాదు. నేను దొర్లి లేచి నిలబడేసరికి బండి ట్రాక్ అంచు దాటి మట్టిలోకి జారుకుంటూ పోతోంది. అక్కడ ఆ ఇనప రాడ్డు మెత్తటి నేలలోకి గునపంలా దిగబడింది. ఊరికే జారి ఆగిపోవాల్సిన బండి గాల్లోకి లేచి రెండు పల్టీలు కొట్టింది. విప్పి చూస్తే రాడ్డు వంగనైనా వంగలేదు. అది పట్టుకున్న ఇంజన్ బోల్టు వంగింది, బోల్టు దిగే మరలు పీక్కొచ్చేశాయి. రంగు మీద గీత పడకుండా చూస్తానన్న వస్తువు బండి ఎముకనే విరగ్గొట్టింది.

ఆ రాత్రి శ్రీపెరంబుదూర్‌లో లాడ్జి గదిలో ఒళ్లు నొప్పులతో నిద్రపట్టక అదే ఆలోచించాను. తాను విరగనని మొండికేసే రక్షణ దెబ్బని ఎక్కడికి పంపిస్తుంది? తాను కాపాడాల్సిన దాని లోపలికే. రంగు కోసం ఎముకని పణంగా పెట్టడం మనకి కొత్త కాదు. పరువు అంటే ఆ రంగే. కూతురి పెళ్లి విరిగిపోతోందని తెలిసినా, 'నలుగురిలో గీత పడకూడదు' అని ఆమెని తిరిగి అదే ఇంటికి పంపిన తల్లిదండ్రులు ఎంత గట్టి రాడ్లు! వాళ్లు వంగలేదు. వంగిందీ విరిగిందీ ఆ అమ్మాయే. వాళ్లకి ప్రేమ లేదని కాదు. ప్రేమని ఇనుముతో చేశారు.

ఇదే ఆటలో ఇంకో రకం రక్షణ కథ కూడా ఉంది. 1962లో బెరిల్ స్వెయిన్ అనే ఆంగ్ల యువతి, ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే టీటీ పందెంలో 50 సీసీ తరగతిలో ఒంటరిగా పోటీచేసి 22వ స్థానంలో పూర్తిచేసింది. ఆ పందెంలో సోలో బండి నడిపిన మొదటి స్త్రీ ఆమె. ఆ తర్వాత ఆమె అంతర్జాతీయ లైసెన్సు రద్దయింది. కారణం, ఈ ఆట స్త్రీలకి మరీ ప్రమాదం అన్నది. దాదాపు 60 కిలోమీటర్ల ఆ కొండదారిలో అప్పటికే ఎందరో మగవాళ్లు చనిపోయారు, పందెం మాత్రం ఆగలేదు. మగవాడు చనిపోతే అది ఆటలో భాగం. స్త్రీ చనిపోవచ్చన్న ఊహ చాలు, ఆటలో ఆమె భాగమే ఉండకూడదు. మళ్లీ ఒక స్త్రీ, హిలరీ ముస్సన్, అక్కడ సోలో బండి నడిపింది 1978లో. మధ్యలో పోయిన పదహారేళ్లకి ఎవరు జవాబుదారీ? స్పెయిన్‌కి చెందిన అనా కరాస్కో 2018లో మగవాళ్లతో కలిసి పోటీపడి సూపర్‌స్పోర్ట్ 300 ప్రపంచ విజేత అయినప్పుడు అందరూ 'తొలిసారి' అని రాశారు. ఆ 'తొలిసారి' అంత ఆలస్యంగా రావడం వెనక ఎన్ని రక్షణలున్నాయో ఎవరు రాస్తారు?

మన సుప్రీంకోర్టు 2007లో అనూజ్ గార్గ్ కేసులో ఇలాంటి ప్రశ్ననే ఎదుర్కొంది. మద్యం అమ్మే చోట స్త్రీలు పనిచెయ్యకూడదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజు చట్టం నిబంధన అది. వాళ్ల భద్రత కోసమే అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. భద్రత పేరుతో పని చేసుకునే హక్కు తీసెయ్యడం కాదు, ఆ పనిలో భద్రత కల్పించడం రాజ్యం బాధ్యత అన్నది ఆ తీర్పు సారాంశం. ఆ తీర్పు చదివినప్పుడు నాకు నా ఇంజన్ పక్కన మంచి స్లైడరే కనిపించింది! వెళ్లొద్దు అనడు. వెళ్తావని ముందే ఒప్పుకుంటాడు. పడతావేమోనని కూడా ఒప్పుకుంటాడు. పడితే ఏం చెయ్యాలో ఆలోచిస్తాడు.

ఇక్కడ నాతో నేనే వాదించుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇదంతా నా స్వేచ్ఛ, నా పడటం, నా లేవడం అనుకుంటే సరిపోతుందా? నా ప్రమాదం నా ఒక్కదానిదేనా?

కిందటేడు ఒక ఉదయం నాకు ముందు వెళ్తున్న బండి ఒకటి పడింది. అతనికేం కాలేదు. అయితే పక్కకి రాసుకుపోయి ఇంజన్ కవరుకి చిల్లు పడింది. నూనె మలుపంతా పరుచుకుంది. జెండా లేచేలోగా వెనకొస్తున్న ఒక అమ్మాయి ఆ నూనె మీద జారి పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. మార్షల్స్ సిమెంటు పొడి తెచ్చి చల్లుతుంటే నేను గోడ పక్కన నిలబడి చూశాను. ఆ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదు. ముందువాడు తన కవరు మీద రెండో కవరు వేసుకోలేదు, అంతే.

ఆ రోజు నుంచి నా జాబితా తిరగబడింది. అంతకుముందు 'నా బండికి ఏమవుతుంది?' అని ఎంచుకునేదాన్ని. ఇప్పుడు 'నా వెనక వచ్చేవాళ్లకి ఏమవుతుంది?' అన్నది ముందు. అందుకే మాగ్నెట్ కవరు మీద, క్లచ్ కవరు మీద గట్టి నైలాన్ కవర్లు. నూనె తీసే బోల్టుకి, నూనె పోసే మూతకి సన్నటి తీగ చుట్టి కట్టడం. వణుకుడికి అవి ఊడిపోకుండా ఉండటానికి. రేడియేటర్‌లో కూలెంట్ తీసేసి మంచినీళ్లు. కూలెంట్ రోడ్డు మీద పడితే జారుతుంది, త్వరగా ఆరదు. ఇవేవీ నన్ను కాపాడవు. నేను పడ్డాక నా వెనకవాళ్లు నిలబడటానికి. చెయిన్ చక్రం దగ్గర చేప రెక్క లాంటి చిన్న పలక ఒకటి పెడతారు. పడినవాళ్ల వేళ్లు, అది ఎవరి వేళ్లైనా సరే, చెయిన్‌కీ పళ్ల చక్రానికీ మధ్య నలగకుండా. బ్రేక్ లివర్‌కి అడ్డంగా ఒక వంపు కడ్డీ. పక్కనుంచి ఇంకో బండి తగిలి నా బ్రేకు తానుగా నొక్కుకుంటే నేను ముందుకి ఎగిరిపడతాను. నా బ్రేకు నా చేతిలోనే ఉండాలి కదా.

మనం స్త్రీవాదులం స్వేచ్ఛ గురించి ఎంత మాట్లాడతామో, ఒకరి వెనక ఒకరం వస్తున్నామన్న దాని గురించి అంత మాట్లాడామా? ముందు వెళ్లినవాళ్లు పడిన చోట నూనె కారకుండా చూసుకుంటే వెనకవాళ్లకి దారి మిగులుతుంది. ఒక స్త్రీ ఎక్కడైనా తప్పు చేస్తే 'ఆడవాళ్లింతే' అని ఆ తర్వాత వచ్చేవాళ్లందరికీ తలుపు మూసేసే లోకం ఇది. ఆ లోకం చేసేది అన్యాయమే. ఆ అన్యాయాన్ని తిడుతూనే మన తీగ మనం కట్టుకోవడం కూడా మన పనే.

ఇంకో సంగతి సిగ్గుపడుతూ చెప్పాలి. బండికి ఇన్ని కొన్నదాన్ని, నా వెన్నుకి సరైన రక్షణ కొనుక్కోవడానికి ఏడాదికి పైగా పట్టింది. అప్పటిదాకా ఎవరిదో మగవాళ్ల తోలు సూటు అద్దెకి తీసుకుని వేసుకునేదాన్ని. భుజాల దగ్గర వదులు, తుంటి దగ్గర బిగుతు. మోకాలి మీద ఉండాల్సిన గట్టి చిప్ప పిక్క మీదకి జారిపోయేది. పడితే అది అక్కడ ఉండి ఏం లాభం? ఒంటికి అతుక్కుని ఉంటేనే అది రక్షణ. మన కొలతలకి కుట్టించుకోవాలంటే ఖర్చు. "బండికైతే తప్పదు, నాకేముందిలే" అనుకున్నాను. ఇంట్లో అందరికీ వడ్డించి చివరికి గిన్నె గీక్కుని తినే అలవాటు గంటకి నూట పది కిలోమీటర్ల వేగంలోనూ నన్ను వదల్లేదు! స్లైడర్లు బండిని కాపాడతాయి, మనిషిని కాదు. ఈ చిన్న సంగతి నాకు తెలియక కాదు. నా ఒళ్లు ఖర్చుపెట్టదగిన వస్తువని నేను నమ్మకపోవడం వల్ల.

ట్రాక్‌లోకి వెళ్లేముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ప్రమాదం ఉందని తెలిసే నా ఇష్టంతో వచ్చాను, ఏం జరిగినా బాధ్యత నాదే అని. మొదటిసారి ఆ కాగితం చూసి నా చెయ్యి ఆగిపోయింది. తెలిసే వెళ్లావు కదా, ఆ టైములో వెళ్లావు కదా, ఆ బట్టలేసుకుని వెళ్లావు కదా... ఈ మాటలు ఏ ఆడపిల్ల వినలేదు? పడతానేమోనని ముందే సిద్ధపడటం అంటే పడటానికి ఒప్పుకున్నట్టా? కాదని ఇప్పుడు చెప్పగలను. నా అజాగ్రత్తకి నేను బాధ్యురాలిని. ముందువాడు వదిలేసిన నూనెకి కాను. ప్రమాదాన్ని ఎంచుకోవడం వేరు, అన్యాయాన్ని ఎంచుకోవడం వేరు. తనకి జరిగినదాన్ని తానే కోరుకున్నదని స్త్రీ మీదకి నెట్టేవాళ్లు ఈ రెంటినీ కావాలనే కలిపేస్తారు.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా కాదా అని మీరడగవచ్చు. అవును, నాకు జీతం ఉంది, ఆదివారాలున్నాయి. తెల్లవారుజామున ఎవరి బండి వెనకో కూర్చుని పనికి పోయే ఆడవాళ్లకి హెల్మెట్ కూడా ఉండదు. వాళ్లకి పడటం సరదా కాదు. పడితే ఆ నెల కూలి పోతుంది. అందుకే ఈ ప్రశ్న ట్రాక్ దగ్గర ఆగిపోకూడదు అంటున్నాను. పడినా లేవగలగడం అన్నది కొనుక్కోగలిగినవాళ్లకే దొరికే వస్తువు కాకూడదు.

చివరగా మా అమ్మాయి విషయం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. దానికి ఢిల్లీలో ఎం.ఏ. సీటు వచ్చింది. "ఇక్కడ యూనివర్సిటీలు లేవా?" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! కాలేజీ హాస్టళ్లలో అమ్మాయిలకి పెట్టే గంటల కట్టడికి వ్యతిరేకంగా 2015లో ఢిల్లీ అమ్మాయిలు మొదలుపెట్టిన 'పింజ్రా తోడ్' గురించి క్లాసులో గొప్పగా చెప్పినదాన్ని నేనే. అది నా బండి చెయిన్‌కి నూనె పూస్తూ, తలెత్తకుండా అంది.

"అమ్మా, నువ్వు పడతానని తెలిసీ వెళ్తావు. నేను పడతానేమోనని నన్ను ఆపుతున్నావు."

రెండు రోజులు నాకు జవాబు దొరకలేదు. అమ్మమ్మని బండి ఎక్కనివ్వని ఆ ఏడాది నా ఇంట్లోకి మళ్లీ వచ్చేసిందని అర్థమైంది. అప్పుడు కాగితం తీసుకుని, ట్రాక్‌కి రాసుకున్నట్టే దానికోసం ఒక జాబితా రాశాను. దాని పేరు మీద ఒక ఖాతా, అందులో ఎప్పుడైనా ఇంటికి టికెట్ కొనుక్కోగలిగినంత డబ్బు. ఆ ఊళ్లో నా స్నేహితురాలి ఫోన్ నంబరు. ఆరోగ్య బీమా. దాని గదికి దాని తాళం. చివర్న ఒకటి రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను: 'ఏం జరిగినా ఫోన్ చెయ్యి. ఎందుకు వెళ్లావని అడగను.' అన్నిటికంటే ఖరీదైంది అదే. 1983లో అమ్మకి ఎవరూ ఇవ్వలేనిది. దాన్ని నిలబెట్టుకోవాలంటే నేను అరిగిపోవాలి, కొన్నిసార్లు విరిగిపోవాలి కూడా. గట్టి ఇనుములా నిలబడి ఊరుకుంటే కుదరదు.

జులైలో అది వెళ్లింది. రైల్వే స్టేషన్ నుంచి తిరిగొచ్చాక అమ్మ అటక మీద సామాను సర్దుతూ కనిపించింది. నా బండి అసలు ప్లాస్టిక్ భాగాలన్నీ పాత చీరలో చుట్టి అక్కడే దాచాను. శారీ గార్డ్‌ని కూడా ఆ మూటలోనే పెడుతోంది.

"పడెయ్యవే?" అన్నాను.

"ఎందుకు పడెయ్యడం? ఎప్పుడైనా నేను వెనక ఎక్కొద్దూ?" అంది.